ప్రభుత్వ పాలనలో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్

రాజ్యానికి లెక్క ప్రాణం. పన్ను ఎంత రావలెనో, భూమి ఎవరిదో, ఎవరు పుట్టిరో, ఎవరు గిట్టిరో వ్రాసి ఉంచని రాజ్యం నాలుగు నాళ్లు నిలువదు. ఈ లెక్క పూర్వం తాటాకుపై ఉండెడిది, తరువాత కాగితంపైకి వచ్చినది, నేడు కంప్యూటర్‌లో ఉన్నది. వ్రాసే వస్తువు మారినది గాని దానిని గురించిన ప్రశ్నలు మారలేదు. వ్రాసిన దానిని ఎవరు చదువగలరు? అది ఎవరి చేతిలో ఉన్నది? ఆ చేయి తప్పుకొన్ననాడు ప్రభుత్వం గతి ఏమి? ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అనునది ఇంజనీర్లకు మాత్రమే సంబంధించిన విషయమని మన విద్యార్థులలో పెక్కుమంది తలంపు. మార్కాపురంలో ఇంటిపన్ను కట్టే గృహస్థునకు, గిద్దలూరులో పింఛను కొరకు ఎదురుచూచే అవ్వకు కూడ అది సంబంధించినదేనని తెలుపుటకు ఈ వ్యాసంలో ప్రయత్నిస్తున్నాము.

గొలుసుకట్టు వ్రాత

ముందుగా మన ప్రాంతపు చరిత్రనే చూతము. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970 ఫిబ్రవరి వరకు కర్నూలు జిల్లాలో ఉండెడివి. ఒంగోలు కేంద్రంగా క్రొత్త జిల్లా ఏర్పడినప్పుడు అవి అందులో చేరినవి. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టినారు. జిల్లా మారినప్పుడు పొలాలు కదలలేదు, చెరువులు కదలలేదు. చేతులు మారినవి రికార్డులు మాత్రమే. ఊరి స్థాయిలో ఆ రికార్డులు ఆనాడు గ్రామ కరణాల అధీనంలో ఉండెడివి.

చిట్టా, అడంగల్ మొదలైన లెక్కలను కరణాలు వ్రాసే తీరుకు గొలుసుకట్టు వ్రాత అని పేరు. కలం ఎత్తకుండ అక్షరానికి అక్షరాన్ని కలుపుతూ పోయే వ్రాత అది. వేగంగా వ్రాయుటకు అది అనుకూలం. కాని దానిని తడుముకొనక చదువగలిగినది కరణం, అతని ఇంటివారు, తోటి కరణాలు మాత్రమే. బడిలో చక్కగా తెలుగు చదువుకొన్న రైతు కూడ తన పొలం లెక్క తాను చదువలేక కరణం నోటి మాటపై ఆధారపడవలసి వచ్చెడిది. కరణాలలో ధర్మాత్ములు లేకపోలేదు. దోషం వ్యక్తులది కాదు, ఏర్పాటుది. లెక్క ప్రభుత్వానిది, భూమి రైతుది, చదివే శక్తి మాత్రం మూడవవానిది. 1984 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం మునసబు, కరణం పదవులను రద్దు చేసినప్పుడు కాగితాలు ప్రభుత్వానికి దక్కినవి గాని, వాటిని చదివే నేర్పు కాగితాలతోపాటు రాలేదు. నేడు ఆ వ్రాత చదువగలవారు అరుదు.

కంప్యూటర్ యుగంలో ఈ గొలుసుకట్టు వ్రాత మరొక రూపంలో తిరిగి వచ్చినది. ఒక కంపెనీ తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌లో ప్రభుత్వం తన లెక్కలు భద్రపరుస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ లోపల ఏమున్నదో కంపెనీకి తప్ప ఇతరులకు తెలియదు. లెక్కను దాచే ఫైలు రూపం కూడ ఆ కంపెనీ రహస్యమే అయినచో, కంపెనీ మూతపడినను, ధర పెంచినను, పాత రూపాన్ని విడిచిపెట్టినను ప్రభుత్వం చేతిలో చదువరాని ముద్ద మిగులుతుంది.

ఓపెన్ సోర్స్ అనగా నేమి?

సాఫ్ట్‌వేర్‌కు రెండు రూపాలు కలవు. మనిషి వ్రాసేది, మనిషి చదివి అర్థం చేసికొనగలిగేది ఒకటి. దీనిని సోర్స్ కోడ్ అందురు, అనగా మూలవ్రాత. యంత్రం నడుపుకొనేది రెండవది. అందులో సున్నలు, ఒకట్లు తప్ప మనిషికి బోధపడేది ఏమీ ఉండదు. సాధారణంగా కంపెనీలు రెండవ రూపాన్ని మాత్రమే మనకు అమ్మి మొదటిదానిని తమవద్ద దాచుకొంటవి.

బోరుబావిపై బ్రతికే మన ప్రాంతపు రైతుకు ఈ సంగతి మోటారు ఉపమానంతో తేలికగా తెలుస్తుంది. రైతు మోటారు కొంటాడు. అది కాలిపోయిననాడు మార్కాపురంలోనో కంభంలోనో మెకానిక్ దానిని విప్పి, తీగ చుట్టి, మరల తిరుగునట్లు చేయగలడు. ఒకవేళ ఆ మోటారు మూత విప్పరాకుండ అతికించి, “మా కంపెనీవారు తప్ప మరెవరు విప్పినను నేరం” అని షరతు పెట్టినచో రైతు గతి ఏమగును? పంట ఎండుతూ ఉండగా కంపెనీ మనిషి కొరకు ఎదురు చూడవలసినదే. మూత విప్పుటకు వీలున్న మోటారు వంటిది ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. రైతు తానే మోటారు బాగుచేయనక్కరలేదు. బాగుచేయగలవారిని ఎన్నుకొనే హక్కు అతనికి ఉండుట ముఖ్యం.

ఈ ఉద్యమానికి ఆద్యుడు అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పనిచేసిన రిచర్డ్ స్టాల్‌మన్. 1983లో ఆయన గ్నూ అను ప్రణాళికను ప్రకటించినాడు. ఎవరైనను నడుపుకొనుటకు, లోపల చదివి మార్చుకొనుటకు, ఇతరులకు పంచుటకు, మార్చిన దానిని కూడ పంచుటకు వీలుండవలెనని ఆయన వాదం. ఈ నాలుగింటికి చట్టబద్ధమైన రూపంగా 1989లో జనరల్ పబ్లిక్ లైసెన్స్ అను ఒడంబడిక వెలువడినది. ఈ లైసెన్సు క్రింద పొందిన సాఫ్ట్‌వేర్‌ను మార్చి ఇతరులకు ఇచ్చేవారు మూలవ్రాతను కూడ అదే షరతులపై ఇవ్వవలెను. 1991లో ఫిన్లాండ్ దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను ప్రారంభించినాడు. ఆనాడు ఆయన వయస్సు మన కళాశాల విద్యార్థుల వయస్సుకు ఏమంత ఎక్కువ కాదు. ఓపెన్ సోర్స్ అను పేరు 1998లో వాడుకలోనికి వచ్చినది.

ఇంగ్లీషులో “ఫ్రీ” అను ఒకే మాటకు ఉచితమని, స్వేచ్ఛ అని రెండర్థాలు ఉండుటచేత ఈ విషయంలో చాల గందరగోళం కలిగినది. మన రెండు భాషలలో ఆ చిక్కు లేదు. తెలుగులో ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. ఉర్దూలో ముఫ్త్ వేరు, ఆజాద్ వేరు. ఈ సాఫ్ట్‌వేర్ తరచుగా ముఫ్త్‌గా దొరుకుతుంది గాని, దాని విలువ ఆజాద్ అగుటలో ఉన్నది. ఖర్చు లేదని భ్రమపడి దీనిని ఆశ్రయించినవారు నిరాశ పొందుట కలదు. ఆ సంగతి ముందు చెప్పుదుము.

మన దేశంలో, మన ఊరిలో

భారత ప్రభుత్వం 2010లో ఈ-పరిపాలనకు ఓపెన్ స్టాండర్డ్స్ విధానాన్ని ప్రకటించినది. ప్రభుత్వ సమాచారం ఒక్క కంపెనీ కట్టడిలోని రూపంలో ఉండరాదని దాని సారాంశం. 2015లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ విధానం వెలువడినది. దాని ప్రకారం ప్రభుత్వ శాఖలు క్రొత్త సాఫ్ట్‌వేర్ తీసికొనునప్పుడు ఓపెన్ సోర్స్‌కు ప్రథమ ప్రాధాన్యం ఈయవలెను. టెండరు వేసేవారు దానిని పక్కన పెట్టదలచినచో అందుకు కారణం చూపవలెను. మూసివున్న సాఫ్ట్‌వేర్‌పై నిషేధం లేదు, సంజాయిషీ మాత్రం ఉన్నది. విధానం స్వభావం ఇది. ప్రభుత్వ శాఖలు తమ సాఫ్ట్‌వేర్ మూలవ్రాతను ఒకరితో నొకరు పంచుకొనుటకు 2017లో ఓపెన్‌ఫోర్జ్ అను వేదిక కూడ ఏర్పడినది.

కాగితంపై ఉన్న విధానం మన వీధి దాకా వచ్చినదా? వచ్చినది. మొదటి ఉదాహరణ మన పురపాలక సంఘాలే. 2003లో బెంగుళూరులో ఈగవర్నమెంట్స్ ఫౌండేషన్ అను లాభాపేక్ష లేని సంస్థను నందన్ నీలేకని, శ్రీకాంత్ నాదముని స్థాపించినారు. ఇంటిపన్ను, కుళాయి పన్ను, పద్దులు, ప్రజల ఫిర్యాదులు మొదలైన పురపాలక వ్యవహారాల కొరకు ఈ సంస్థ సాఫ్ట్‌వేర్ తయారుచేసి, మూలవ్రాతను జనరల్ పబ్లిక్ లైసెన్స్ క్రింద లోకానికి విడుదల చేసినది. 2015-16 కాలంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాష్ట్రంలోని అప్పటి 110 పట్టణ స్థానిక సంస్థలన్నిటిలో దీనిని ప్రవేశపెట్టినది. విశాఖపట్నం వంటి మహానగరానికి, మార్కాపురం పురపాలక సంఘానికి, గిద్దలూరు నగర పంచాయతీకి ఒకే సాఫ్ట్‌వేర్ వచ్చినది. ఫిర్యాదు చేయుటకు “పురసేవ” అను మొబైల్ యాప్ కూడ తోడైనది.

ఇందులోని విశేషం గమనింపదగినది. ప్రతి పట్టణం విడివిడిగా సాఫ్ట్‌వేర్ కొనవలసి ఉన్నచో విశాఖకు మేలైనది, గిద్దలూరుకు నాసిది దక్కుట సహజం. పేద పురపాలక సంఘాలు దాని జోలికే పోలేక ఉండెడివి. మూలవ్రాత స్వేచ్ఛగా ఉండుటచేత చిన్న పట్టణానికి, పెద్ద నగరానికి పనిముట్టు విషయంలో భేదం లేకపోయినది. కుళాయిలో నీరు వచ్చుట సాఫ్ట్‌వేర్ చేతిలో లేదన్న మాట నిజమే. దానికి వెలిగొండ నుండి, వాన నుండి, సిబ్బంది నుండి రావలసినది వేరే ఉన్నది. కాని పన్ను ఎట్లు లెక్కకట్టినారో చూపగల పనిముట్టు ఉండుట చిన్న సంగతి కాదు.

రెండవ ఉదాహరణ న్యాయస్థానాలు. సుప్రీంకోర్టు ఈ-కమిటీ ఆధ్వర్యంలో జరిగిన ఈ-కోర్టుల ప్రణాళికలో జిల్లా, తాలూకా స్థాయి కోర్టుల కేసుల వివరాలను నిర్వహించే సాఫ్ట్‌వేర్‌ను నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ ఓపెన్ సోర్స్ పునాదిపై నిర్మించినది. న్యాయమూర్తులకిచ్చిన కంప్యూటర్లలో లినక్స్ రకమైన ఉబుంటు వాడినారు. మార్కాపురం కోర్టులో వ్యాజ్యం వేసిన కక్షిదారు తన కేసు ఏ తేదీకి వాయిదా పడినదో ఇంటి నుండే ఫోన్‌లో చూచుకొనుట ఈ ఏర్పాటు ఫలం. ఇదివరకు ఆ తేదీ తెలిసికొనుటకే ఒక రోజు కూలి పోగొట్టుకొని బస్సెక్కి రావలసి వచ్చెడిది.

ఇక దేశీయ ఆపరేటింగ్ సిస్టమ్ విషయం. చెన్నైలోని సీ-డాక్ సంస్థ 2007లో బాస్ లినక్స్‌ను విడుదల చేసినది. అందులో తెలుగుతో సహా భారతీయ భాషలకు తావున్నది. పొరుగున కేరళ ప్రభుత్వ పాఠశాలలలో కంప్యూటర్ విద్య స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌పైననే నడుచుచున్నది. మన హైదరాబాదులో 2005లో పుట్టిన “స్వేచ్ఛ” అను సంస్థ విద్యార్థుల సాయంతో తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసినది.

రెండు లిపులు, ఒకే సమస్య

మా పత్రిక ఉర్దూ, తెలుగు రెండింటిలో వెలువడుతుంది గనుక ఈ భాగం కొంత విపులంగా వ్రాయుట ఉచితమని తలచినాము. తెలుగు లిపికి 1991లోనే యూనికోడ్‌లో స్థానం లభించినది. అయినను అటుపై చాల ఏళ్లు ముద్రణాలయాలు, కార్యాలయాలు వేర్వేరు కంపెనీల ఫాంట్లలోనే తెలుగు టైపు చేసినవి. ఒక ఫాంటులో టైపు చేసిన వ్యాసం మరొక కంప్యూటర్‌లో తెరచినచో అక్షరాలకు బదులు అర్థం లేని గుర్తులు కనబడెడివి. ఇది అచ్చముగా గొలుసుకట్టు వ్రాతయే. 2013లో సిలికానాంధ్ర సంస్థ పెద్దన, తిమ్మన, ధూర్జటి, రామభద్ర, గిడుగు, గురజాడ, సురవరం మొదలైన పేర్లతో యూనికోడ్ ఫాంట్లను ఓపెన్ ఫాంట్ లైసెన్స్ క్రింద అందరికి అందించినది. ప్రభుత్వ కార్యాలయమైనను, పల్లెటూరి డీటీపీ దుకాణమైనను ఒక్క పైసా చెల్లించక, ఎవరి అనుమతి కోరక వాటిని వాడుకొనవచ్చును.

ఉర్దూ కష్టం ఇంకను లోతైనది. నస్తాలీఖ్ లిపిలో అక్షరాలు ఒకే గీతపై కూర్చొనవు. కుడి నుండి ఎడమకు మెట్లు దిగినట్లు జారుతవి. ఒక్కొక్క అక్షరం పక్కనున్న దానినిబట్టి రూపం మార్చుకొంటుంది. అందుచేతనే ఇతర భాషలు అచ్చులో వర్ధిల్లుచున్న కాలంలో కూడ ఉర్దూ పత్రికలు కాతిబుల చేతివ్రాతపై ఆధారపడినవి. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ రూపొందించిన నూరీ నస్తాలీఖ్ కంప్యూటర్ కూర్పునకు మార్గం తెరచినది. 1990ల నుండి ఇన్‌పేజ్ అను సాఫ్ట్‌వేర్ ఉర్దూ ముద్రణను ఏలినది. దాని మేలు కాదనలేము. కాని అందులోని వ్రాత నేరుగా ఇతర సాఫ్ట్‌వేర్‌లో తెరచుకొనదు. 2014లో నోటో నస్తాలీఖ్ ఉర్దూ అను ఫాంటు స్వేచ్ఛా లైసెన్సుతో వెలువడిన తరువాత సాధారణమైన కంప్యూటర్‌లో, ఫోన్‌లో కూడ నిజమైన నస్తాలీఖ్ కనబడుట ఆరంభమైనది.

2022లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా గుర్తించే సవరణను ఆమోదించినది. చట్టం గౌరవం ఇచ్చినది. ఆ గౌరవం దరఖాస్తు ఫారంగా మారవలెనన్నచో సాఫ్ట్‌వేర్ ఉర్దూ తెలిసినదై ఉండవలెను. మూసివున్న సాఫ్ట్‌వేర్‌లో ఉర్దూ చేర్చుటకు కంపెనీకి లాభం తోచవలెను. మూలవ్రాత తెరచి ఉన్నచో లాభం తోచనక్కరలేదు, చేయగలవారు పూనుకొన్న చాలును. అల్పసంఖ్యాకుల భాషలకు ఓపెన్ సోర్స్ ఇచ్చే గొప్ప వరం ఇదియే.

ఆక్షేపణలు

ఎదుటి పక్షం వాదన వినక తీర్పు చెప్పుట న్యాయం కాదు.

మూలవ్రాత అందరికి తెలిసినచో దొంగలకు కూడ తెలియదా అని కొందరందురు. తెలుస్తుంది. కాని దాచినంత మాత్రాన భద్రత రాదు. 2017 మే నెలలో ప్రపంచాన్ని గడగడలాడించిన వన్నాక్రై దాడి విండోస్ కంప్యూటర్లపై జరిగినది. మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడ ఆనాడు చిక్కుకొన్నవి. ఆ లోపానికి మందు మార్చి నెలలోనే విడుదలై ఉన్నను వేయించుకొనని యంత్రాలు బలియైనవి. అటులనే తెరచి ఉన్నంత మాత్రాన కూడ భద్రత రాదు. 2014లో ఓపెన్ ఎస్సెస్సెల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం ఓపెన్ సోర్స్‌లోనిదే. అందరు చూడవచ్చునన్నందున ఎవరో ఒకరు చూచి ఉందురులే అని అందరు ఊరకుండిరి. కావున తెరచి ఉంచుట మొదటి మెట్టు, చూచేవారికి జీతమిచ్చి కూర్చుండబెట్టుట రెండవ మెట్టు. ప్రభుత్వాలు తరచుగా మొదటి మెట్టు పైననే ఆగిపోవుచున్నవి.

ఖర్చు రెండవ ఆక్షేపణ. లైసెన్సు రుసుము మిగులును గాని సిబ్బందికి శిక్షణ, మరమ్మతు, పాత ఫైళ్ల మార్పిడి అను ఖర్చులు తప్పవు. జర్మనీలోని మ్యూనిక్ నగరం 2003లో లినక్స్‌కు మారుటకు నిర్ణయించి, పదేళ్లు శ్రమించి పదునాలుగు వేలకు పైగా కంప్యూటర్లను మార్చినది. అయినను 2017లో నగర సభ తిరిగి విండోస్‌కు పోవుటకు ఓటు వేసినది. అదే జర్మనీలో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం 2024లో లిబ్రే ఆఫీస్‌కు మారుటకు పూనుకొన్నది. పాఠం స్పష్టం. సాఫ్ట్‌వేర్ మంచిదైన చాలదు, అధికారుల పట్టుదల, ఉద్యోగుల ఓర్పు, పై ప్రభుత్వం నిలకడ కావలెను.

మూడవది స్వదేశీ వాదం. విదేశీ కంపెనీని విడిచి దేశీయ కంపెనీని ఆశ్రయించిన చాలదా అని ప్రశ్న. 2025 జూలైలో ఐరోపా సమాజం విధించిన ఆంక్షల కారణంగా మన దేశంలోని నయారా ఎనర్జీ సంస్థకు మైక్రోసాఫ్ట్ కొన్ని సేవలు నిలిపివేయగా, సంస్థ ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించినది. కొలది దినాలలో సేవలు తిరిగి వచ్చినవి. ఎక్కడో జరిగిన నిర్ణయంతో ఇక్కడి కార్యాలయం స్తంభించునని అందరికి తెలిసి వచ్చినది. అయినను స్వదేశీ వేరు, స్వేచ్ఛ వేరు. తాళపుచెవి పొరుగు దేశం నుండి పొరుగు వీధికి వచ్చుట మేలే గాని, అది ఇంటివాని చేతికి వచ్చినట్లు కాదు.

అవ్వ పింఛను

అసలు విషయానికి వత్తము. 2019 అక్టోబర్ 2న మన రాష్ట్రంలో గ్రామ, వార్డు సచివాలయాలు ప్రారంభమైనవి. పింఛను, బియ్యం కార్డు వంటి వాటికి అర్హతను కంప్యూటర్‌లోని వివరాలతో సరిచూచే పద్ధతి స్థిరపడినది. కుటుంబానికి ఎంత భూమి ఉన్నది, కారు ఉన్నదా, ఆదాయపు పన్ను కట్టుచున్నారా, నెలకు 300 యూనిట్లకు మించి కరెంటు కాలినదా అను ప్రశ్నలకు జవాబును యంత్రం చెబుతుంది. ఒకే మీటరుపై మూడు కుటుంబాలు బ్రతికే ఇంటిలో యూనిట్లు ఎక్కువ కాలుట వింత కాదు. యంత్రం ఆ కుటుంబాలను వేరుచేసి లెక్కించినదా, కలిపి లెక్కించినదా? అవ్వకు దొరికే జవాబు ఒక్కటే: “సిస్టమ్ తీసికొనుట లేదు.”

సిస్టమ్ అనగా దేవుడు కాదు. ఎవరో ఒకరు వ్రాసిన నియమాల వరుస. ఆ వరుసలో ఒక గుర్తు తప్పు పడినచో వేలమంది అర్హులు జాబితా నుండి జారిపోగలరు. ప్రభుత్వ ఉత్తర్వు తెలుగులో అచ్చవుతుంది గనుక దానిని చదివి తప్పు పట్టవచ్చును. ఆ ఉత్తర్వును అమలు చేసే సాఫ్ట్‌వేర్ మాత్రం చదువుటకు దొరకనిచో నిజమైన ఉత్తర్వు ఏదో ప్రజలకు తెలియనట్లే. 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉన్నది గదా అందురేమో. ఆ చట్టం ఎనిమిదవ విభాగంలో వ్యాపార రహస్యాలకు, మేధాసంపత్తికి మినహాయింపు ఉన్నది. మూలవ్రాత కంపెనీ సొత్తు అయినచో ఆ మినహాయింపు అడ్డుగోడ కాగలదు. ప్రజల సొమ్ముతో వ్రాయించిన మూలవ్రాత ప్రజలదే అయినచో ఆ గోడకు పునాది ఉండదు.

ఇందుకు దృష్టాంతం కలదు. 2020 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ఆరోగ్య సేతు యాప్‌ను తెచ్చినప్పుడు అది పౌరుల రాకపోకల వివరాలు ఏమి చేయుచున్నదని అనుమానాలు కలిగినవి. అదే సంవత్సరం మే 26న ప్రభుత్వం దాని ఆండ్రాయిడ్ మూలవ్రాతను బయటపెట్టినది. అనుమానాలన్నియు తీరినవని చెప్పలేము. కాని అంతవరకు ఊహతో సాగిన వాదం అటుపై ఆధారంతో సాగినది. ప్రజాస్వామ్యంలో అది గొప్ప తేడా.

విద్యార్థుల కర్తవ్యం

ఈ విషయంలో మన కళాశాల విద్యార్థులు చేయగలిగినది చాల ఉన్నది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసినది. అందుచేత అటకెక్కే పాత కంప్యూటర్లలో లినక్స్ వేసినచో అవి మరికొన్నేళ్లు చదువుకు పనికివచ్చును. గ్రంథాలయ నిర్వహణకు న్యూజీలాండ్‌లో పుట్టిన కోహా ఉన్నది. వ్రాతకోతలకు లిబ్రే ఆఫీస్ ఉన్నది. ఇవి నేర్చుకొనుట ప్రథమ కర్తవ్యం. ఈ సాఫ్ట్‌వేర్‌లలోని ఇంగ్లీషు మాటలకు చక్కని తెలుగు, ఉర్దూ మాటలు సమకూర్చుట రెండవది. దానికి ప్రోగ్రామింగ్ రానక్కరలేదు, భాష వచ్చిన చాలును. బి.ఎ. విద్యార్థి ఇంజనీరుకు పాఠం చెప్పగల చోటు అది ఒక్కటే. పురపాలక సంఘంలోనో సచివాలయంలోనో ఒక దరఖాస్తు తిరస్కరింపబడినప్పుడు, ఏ నియమం ప్రకారం తిరస్కరింపబడినదో వ్రాతపూర్వకంగా అడుగుట మూడవది. అందరును అడుగసాగిన నాడు మూలవ్రాత బయటికి రాక తప్పదు.

మార్కాపురం పలకపై అక్షరాలు దిద్దిన తరాలు దేశమంతటా కలవు. పలకపై వ్రాసినది గురువుగారికి కనబడుతుంది, పక్కవానికి కనబడుతుంది, తప్పున్నచో ఎవరైనను చూపుతారు, చెరిపి దిద్దుకొనవచ్చును. ప్రభుత్వం తన లెక్క వ్రాసే పలక కూడ అట్లే అందరి ఎదుట ఉండవలెనని మేము కోరుచున్నాము. పలకలు చెక్కిన ఊరివారికి ఈ కోరిక క్రొత్తగా నేర్పవలసినది కాదు.